టెక్సస్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా: హోమ్ స్కూలింగ్‌కి ఏది మేలు?

అమెరికాలో ఉద్యోగం మారుతోందంటే మనవాళ్లు ముందు స్కూల్ రేటింగ్ చూస్తారు, ఆ తర్వాతే ఇల్లు. పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునే వాళ్లకి ఆ రేటింగ్‌తో పని లేదు గానీ, స్టేట్ చట్టంతో పని పడుతుంది. హోమ్ స్కూలింగ్ యాభై స్టేట్లలోనూ చట్టబద్ధమే. అయితే ఎవరి రూల్స్ వాళ్లవి. మీరు హెచ్-1బి మీద ఉన్నా, గ్రీన్ కార్డు వచ్చినా, ఎక్కడ కాపురం ఉంటే అక్కడి రూలే మీ పిల్లలకి వర్తిస్తుంది. డాలస్ నుంచి ఎడిసన్‌కో, ఎడిసన్ నుంచి ఫిలడెల్ఫియా పక్కకో మారడం మనకి మామూలే కాబట్టి ఈ మూడు స్టేట్లనీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

టెక్సస్‌లో ఇంటి చదువంటే చట్టం దృష్టిలో ప్రైవేట్ స్కూలే. ఈ హోదా ఊరికే రాలేదు. 1980ల్లో అక్కడ పిల్లల్ని బడికి పంపడం లేదని తల్లిదండ్రుల మీద కేసులు పెట్టారు. లీపర్ అనే కుటుంబం, మరికొందరు కలిసి ఆర్లింగ్టన్ స్కూల్ డిస్ట్రిక్ట్‌తో (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులు నడిపే సంస్థ) పాటు మిగతా డిస్ట్రిక్టుల మీదా కోర్టుకెక్కారు. 1987లో కింది కోర్టులో గెలిచారు, 1994లో టెక్సస్ సుప్రీం కోర్టు దాన్నే ఖాయం చేసింది. అప్పటి నుంచి షరతులు మూడే: చదువు నిజంగా జరగాలి, పుస్తకమో వీడియోనో కంటికి కనిపించే కరిక్యులమ్ ఉండాలి, చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం ఇవి నేర్పాలి. జాబితాలో సైన్స్ లేదు! ఐఐటీ ఫౌండేషన్ ఆరో క్లాసులోనే మొదలుపెట్టే జాతికి ఇది నమ్మబుద్ధి కాదు. ఎవరికీ ముందుగా చెప్పక్కర్లేదు, ఏటా టెస్టులు లేవు, ఇన్ని రోజులు నడపాలన్న లెక్కా లేదు.

బిడ్డ ఇప్పటికే పబ్లిక్ స్కూల్లో, అంటే ప్రభుత్వ బడిలో, ఉంటే మాత్రం పేరు తీయించాలి. లేకపోతే అక్కడ ఆబ్సెంట్లు పడుతూనే ఉంటాయి, ఆ తర్వాత బడి ఎగ్గొడుతోందని ట్రూయెన్సీ నోటీసు వస్తుంది. ‘ఫలానా తేదీ నుంచి మా అమ్మాయిని ఇంట్లో చదివించుకుంటున్నాం, రాతపూర్వకమైన కరిక్యులమ్ ఉంది’ అని సంతకం, తేదీ వేసి ఈమెయిల్ చేస్తే చాలు. ఆఫీసువాళ్లు ‘స్వయంగా రండి, పుస్తకాలు చూపించండి’ అనొచ్చు. మర్యాదగా ఆ ఉత్తరమే మళ్లీ పంపండి.

న్యూజెర్సీ కూడా ఇంచుమించు ఇంతే వదులు. ఆరు నుంచి పదహారేళ్ల పిల్లలు బడికి వెళ్లాలి, లేదా బయట దానికి ‘సమానమైన’ చదువు పొందాలి అంటుంది చట్టం. ఆ సమానం అంటే ఏమిటో 1967లో మోరిస్ కౌంటీ కోర్టు తేల్చింది. మాసా అనే తల్లి కూతుర్ని ఇంట్లోనే చదివించింది. ఆమె చదివింది హైస్కూల్ వరకే. చదువు సమానంగా ఉంటే చాలు, పదిమంది పిల్లల మధ్య కూర్చోబెట్టాలన్నది ఈ చట్టంలో లేదని జడ్జి ఆమె పక్షాన తీర్పు చెప్పాడు. నోటీసు లేదు, టెస్టు లేదు. కాకపోతే టెక్సస్‌కి సుప్రీం కోర్టు తీర్పు అండగా ఉంటే, ఇక్కడ ఉన్నది ఒక కౌంటీ కోర్టు మాట. రూల్స్ బిగించాలని అసెంబ్లీలో బిల్లులు కూడా వస్తుంటాయి. ఈ రెండింటిలో నా ఓటు టెక్సస్‌కే.

పెన్సిల్వేనియా సంగతి వేరు. 1988 నాటి చట్టం ప్రకారం మొదలుపెట్టే ముందు, తర్వాత ఏటా ఆగస్టు 1 లోపు, స్కూల్ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్‌కి అఫిడవిట్ ఇవ్వాలి. దాంతో పాటు సబ్జెక్టుల వారీగా ఏం నేర్పదలిచారో చెప్పే ప్లాన్, టీకాల రుజువు, ఇంట్లో పెద్దవాళ్లెవరికీ ఫలానా నేరాల్లో శిక్ష పడలేదన్న హామీ కూడా ఇవ్వాలి. అఫిడవిట్ మీద పేరు తల్లిదండ్రులదో గార్డియన్‌దో ఉండాలి, వాళ్లకి కనీసం హైస్కూల్ స్థాయి చదువుండాలి. ఇండియా నుంచి వచ్చిన తాతయ్య లెక్కలు చెప్పొచ్చు గానీ సంతకం మీదే. ఏడాదికి 180 రోజులు, లేదా ఎలిమెంటరీకి 900 గంటలు, సెకండరీకి 990 గంటలు. మూడు, ఐదు, ఎనిమిది తరగతుల్లో రీడింగ్, మ్యాథ్స్ టెస్టు రాయించాలి. ఆ టెస్టు తల్లిదండ్రులు పెట్టకూడదు.

చదివితేనే టెన్షన్ వస్తుంది కదా. కానీ కాస్త దగ్గరికి వెళ్లి చూస్తే అంత భయం లేదు. మొదట్లో ఇచ్చిన ఆ సబ్జెక్టుల ప్లాన్‌ని పట్టుకుని ‘మీరు రూల్ తప్పారు’ అనే హక్కు సూపరింటెండెంట్‌కి లేదని చట్టంలోనే రాసుంది. టెస్టుకి పాస్ మార్కు లేదు. ఏడాది పొడవునా చదివిన పుస్తకాల పట్టిక, బిడ్డ చేసిన వర్క్ నమూనాలు ఒక బైండర్‌లో పెడతారు. అందులో అగ్నిప్రమాదాల జాగ్రత్తల మీద కూడా ఒక పేజీ ఉంటుంది, అది ఏటా నేర్పి తీరాల్సిన అంశం మరి. ఎవాల్యుయేటర్, అంటే సర్టిఫైడ్ టీచరో లైసెన్స్ ఉన్న సైకాలజిస్టో, ఆ బైండర్ చూసి బిడ్డతో మాట్లాడి సర్టిఫికెట్ ఇస్తారు. 2014లో చట్టం మార్చాక జూన్ 30 లోపు డిస్ట్రిక్ట్‌కి వెళ్లేది ఆ సర్టిఫికెట్ ఒక్కటే, బైండర్ ఇంట్లోనే ఉంటుంది.

ఇంకో పక్క న్యూయార్క్ ఉంది. నోటీసు, ఏడాది ప్లాన్, మూడు నెలలకోసారి రిపోర్టు, చివర్లో మదింపు, పెద్ద క్లాసుల్లో టెస్టులో 33వ పర్సంటైల్ (వందమందిలో 33 మంది కంటే మెరుగు) దాటాలన్న షరతు. దీనితో పోలిస్తే పెన్సిల్వేనియా నయం.

పెన్సిల్వేనియాలో చాలామంది పొరబడే విషయం ఒకటుంది: సైబర్ చార్టర్ స్కూల్. ల్యాప్‌టాప్ ఇస్తారు, ఫీజు లేదు, బిడ్డ ఇంట్లోనే కూర్చుని చదువుతుంది. కానీ అది పబ్లిక్ స్కూలే. కరిక్యులమ్ వాళ్లది, హాజరు వాళ్లది, స్టేట్ పరీక్షలూ ఉంటాయి. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లకి బహుశా ఇదే కుదురుతుంది. వేసవి మూడు నెలలు ఇండియాలో గడిపి, అక్టోబర్‌లో తీరిగ్గా మొదలుపెడదాం అనుకునేవాళ్లకి కుదరదు.

నన్నడిగితే, ప్రాథమిక తరగతుల్లో టెక్సస్ స్వేచ్ఛే బాగుంటుంది. ఏడేళ్ల పిల్లకి అఫిడవిట్లెందుకు? హైస్కూల్‌కి వచ్చేసరికి మాత్రం నేను పెన్సిల్వేనియా వైపు మొగ్గుతాను. ఇంగ్లిష్ నాలుగేళ్లు, లెక్కలు, సైన్స్, సోషల్ మూడేసి ఏళ్లు, ఆర్ట్స్, హ్యుమానిటీస్ రెండేళ్లు పూర్తిచేసి, ఎవాల్యుయేటర్ సంతకంతో తల్లిదండ్రులు ఇచ్చే డిప్లొమాకి స్టేట్ గుర్తింపు ఉంది. డిస్ట్రిక్ట్ స్కూల్ టీముల్లో ఆడుకునే హక్కు కూడా 2005 చట్టంలో వచ్చింది. న్యూజెర్సీలో అది డిస్ట్రిక్ట్ దయ. టెక్సస్‌లోనూ హోమ్ స్కూల్ పిల్లల్ని మిగతావాళ్లతో సమానంగా చూడాలని ప్రభుత్వ కాలేజీలకి చట్టం చెబుతుంది, కానీ ట్రాన్‌స్క్రిప్ట్, అంటే చదివిన సబ్జెక్టులు, గ్రేడ్‌ల పట్టిక, మొత్తం మీరే తయారు చేసుకోవాలి.

ఇండియాకి తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు దీన్ని ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. అక్కడి స్కూలు ముందు అడిగేది టీసీ, మార్కుల షీట్. హోమ్ స్కూల్‌కి టీసీ ఎవరిస్తారు? అందుకే టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉన్నా సరే పెన్సిల్వేనియా పద్ధతిలో ఒక బైండర్, ఏడాదికో బయటి టెస్టు స్కోరు, సర్టిఫైడ్ టీచర్ రాసిన ఒక ఉత్తరం పెట్టుకోండి. రెండో స్టేట్‌కి ఏడాది మధ్యలో మారాల్సి వచ్చినా ఆ బైండరే పనికొస్తుంది. అయితే పెన్సిల్వేనియాలో దిగితే పెట్టెలు విప్పడం పూర్తయ్యే దాకా ఆగకండి, చదువు మొదలుపెట్టకముందే అఫిడవిట్ వెళ్లిపోవాలి.