చెక్క నడిమధ్య రంధ్రం: లేత్ మేలా, డ్రిల్లింగ్ మిషన్ మేలా?

బెంగళూరులో ఇంటి మేడ మీదో, అద్దె షెడ్డులోనో చెక్కపని మొదలుపెట్టిన మన తెలుగువారికి త్వరలోనే ఈ సందేహం వస్తుంది: పెన్నుకో, బొమ్మ చక్రానికో నడిమధ్య రంధ్రం వేయడానికి ఉన్న లేత్ (చెక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) చాలదా, డ్రిల్లింగ్ మిషన్ కూడా కొనాలా? రంధ్రం చెక్క అక్షం వెంటే పోవాలంటే లేతే మేలని నేను గట్టిగా చెబుతాను.

డ్రిల్లింగ్ మిషన్‌లో చెక్క కదలదు, బిట్ (రంధ్రం తొలిచే మొన) తిరుగుతుంది. దాని బల్ల ఒక్క డిగ్రీ వాలి ఉన్నా, 100 మి.మీ. లోతుకు వెళ్లేసరికి రంధ్రం దాదాపు 1.75 మి.మీ. పక్కకు పోతుంది. సన్నని పెన్ను చెక్కకు అంత తేడా వస్తే గోడ పగిలినట్టే. లేత్ మీద తిరిగేది చెక్క; బిట్ దానికి ఎదురుగా, లేత్ రెండో కొసన ఉండే టెయిల్‌స్టాక్ అనే భాగంలో తిరగకుండా ఉంటుంది. బిట్ పక్కకు వంగబోయినా తిరిగే చెక్క దాన్ని మళ్లీ అక్షం వైపే నెడుతుంది. అయితే టెయిల్‌స్టాక్ వరుస తప్పితే ఈ లాభం దక్కదు, రంధ్రం నోరు వెడల్పవుతుంది. అందుకే ముందు లేత్ రెండు వైపులా చెక్కను పట్టే సూది భాగాల, అంటే రెండు సెంటర్ల మొనలూ సరిగ్గా ఎదురెదురుగా తాకుతున్నాయో లేదో చూడాలి. తర్వాత ఉలి మొనతో నడుమ చిన్న గుంట చేయాలి. గుంట నడుమ లేకపోతే బిట్ మొదట్లోనే దారి తప్పుతుంది.

బిట్ ఎంపికా ముఖ్యమే. కొస వైపు నుంచి తొలిచేటప్పుడు ఒంటి చుట్టూ మెలి గాడులున్న పొడవాటి ట్విస్ట్ బిట్ మెత్తటి పొర వైపు జారుతుంది. గుండ్రటి అంచుతో కోసే ఫార్స్‌నర్ బిట్‌కు ఆ అంచే ఆధారం కాబట్టి అంత తేలికగా జారదు. 25 మి.మీ. సైజైతే నిమిషానికి 500 చుట్లు దాటనివ్వకండి, కాలిపోతుంది. ఇక్కడికి 60 కి.మీ. దూరంలోని చన్నపట్న బొమ్మల చెక్క, మన ఏటికొప్పాక అంకుడు కర్ర ఒకే జాతివి. ఆ మెత్తని, సన్నపొర చెక్కకు మాత్రం మామూలు ట్విస్ట్ బిట్ చాలు. ఏ బిట్ అయినా కాస్త లోపలికి వెళ్లగానే బయటికి తీసి పొట్టు దులపాలి. తీసేటప్పుడు ఎడమ చేత్తో, బిట్‌ను బిగించే డ్రిల్ చక్‌ను గట్టిగా పట్టుకోండి. బిట్ చెక్కలో ఇరుక్కుంటే చక్ టెయిల్‌స్టాక్ నుంచి ఊడి, చెక్కతో పాటే గిర్రున తిరుగుతుంది.

బొమ్మ బండికి అడ్డంగా ఇరుసు దూర్చాలన్నా, స్టూలు పలకకు కాళ్ల రంధ్రాలు వేయాలన్నా డ్రిల్లింగ్ మిషన్‌దే పైచేయి. అలాంటి పని మీకు తరచుగా ఉంటేనే దానికి డబ్బు పెట్టండి. అంతవరకు టెయిల్‌స్టాక్ టేపర్‌కు (లోపలికి సన్నబడే రంధ్రానికి) సరిపోయే మంచి డ్రిల్ చక్ ఒకటి కొనుక్కోండి.