పాత పెట్రోల్ కారుకు బ్లూటూత్ స్కానర్: ఆరేళ్ళ వాడకం తర్వాత

కారులో లోపాలు చదివేందుకు ఉండే ఓబీడీ పోర్టుకు తగిలించే ఈఎల్‌ఎం 327 రకం బ్లూటూత్ స్కానర్, ఫోన్లో ఒక యాప్. బెంగళూరు ట్రాఫిక్‌లో నడిచే 2012 మోడల్ 1.2 లీటర్ పెట్రోల్ బండికి ఆరేళ్ళుగా వాడుతున్నది ఇదే. కోడ్లు (బండి నమోదు చేసే లోపాల నంబర్లు) చదవడానికి మాత్రమే కొనేటట్టయితే కొనకండి. లైవ్ డేటా (సెన్సర్లు అప్పటికప్పుడు ఇచ్చే రీడింగ్‌లు) చదవడం నేర్చుకుంటే మాత్రం, అనవసరంగా మార్చబోయిన ఒక్క ఆక్సిజన్ సెన్సర్‌తోనే దీని ఖరీదు తిరిగొచ్చేస్తుంది.

పీ0171 అని కోడ్ రాగానే చాలా షెడ్లలో ముందు చెయ్యి వేసేది సైలెన్సర్ దారిలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ మీదే. ఆ కోడ్‌కు అర్థం సెన్సర్ పాడైందని కాదు, మిశ్రమంలో పెట్రోలు తక్కువగా కనిపిస్తోందని. ఒక సిలిండర్ మిస్సింగ్ కొడుతుంటే మండని పెట్రోలుతోపాటు వాడని గాలి కూడా సైలెన్సర్ దారి పడుతుంది. సెన్సర్ పసిగట్టేది ఆక్సిజన్‌నే, పెట్రోలును కాదు. అది చూసి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఇంకాస్త పెట్రోలు పోస్తుంది. వెనక పెట్రోలు వాసన, పడిపోయిన మైలేజీ, తెరమీద మాత్రం లీన్ (పెట్రోలు తక్కువ) కోడ్! అందుకే మిస్సింగ్ ఉన్న బండిలో సెన్సర్ మాట నమ్మే ముందు ప్లగ్గులు, కాయిళ్ళు చూడాలి. పీ0302 (రెండో సిలిండర్ మిస్సింగ్) వస్తే రెండో సిలిండర్ కాయిల్‌ను మూడోదానికి మార్చి, కోడ్ చెరిపి, కాసేపు నడపండి. పీ0303గా మారిందంటే దోషం కాయిల్‌దే. మారకపోతే ప్లగ్గు, ఆ తర్వాత ఇంజెక్టర్, కంప్రెషన్.

రెండో అనుమానం సెన్సర్‌కు ముందున్న లీకు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర సన్నటి పగులున్నా, పొగ బయటికి పోవడంతోపాటు పల్స్‌ల మధ్య బయటి గాలి లోపలికి వస్తుంది. తెల్లవారి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, సైలెన్సర్ చివర గుడ్డ అడ్డం పెట్టి ఒక్క క్షణం ఆగితే బుస్సుమన్న శబ్దం ఎక్కడినుంచో తెలిసిపోతుంది. జాయింట్ల దగ్గర నల్లటి మసి గీత కూడా ఆనవాలే.

ఇక ఫ్యూయల్ ట్రిమ్‌లు, అంటే ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకెలు. షార్ట్ టర్మ్ (అప్పటికప్పటిది), లాంగ్ టర్మ్ (నేర్చుకుని దాచుకున్నది) రెండూ కూడితే ప్లస్ మైనస్ 10 శాతం లోపుంటే కంగారు అక్కర్లేదు. ఐడిల్‌లో (ఎక్సలేటర్ తొక్కనప్పుడు) ప్లస్ 20, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుగా ఉంటే వ్యాక్యూమ్ లీకు (ఇంజిన్‌లోకి పక్కదారిన గాలి దూరడం) అని అందరూ చెబుతారు. గాలిని ఎంఏఎఫ్ సెన్సర్‌తో కొలిచే బండ్లకు అది నిజం. మన చిన్న కార్లలో చాలావాటికి ఉండేది మ్యాప్ సెన్సర్, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో (ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే దారి) ప్రెషర్ కొలిచేది. లీకైన గాలి వల్ల మానిఫోల్డ్ ప్రెషర్ పెరుగుతుంది, దానికి తగ్గట్టు ఈసీయూ పెట్రోలు కలిపేస్తుంది, ట్రిమ్ పెద్దగా కదలదు. అలాంటి బండిలో ఐడిల్ ఆర్‌పీఎం పైకి పోవడం, వేడెక్కిన ఇంజిన్‌లో మ్యాప్ రీడింగ్ 30-40 కిలోపాస్కల్ ఉండాల్సింది 45 దాటడం చూడాలి. ట్రిమ్ రెండుచోట్లా ఎక్కువగా ఉండి, వేగంతో ఇంకా పెరుగుతుంటే పెట్రోల్ పంపు, ఫిల్టర్.

మ్యాప్ సెన్సర్‌ను పరీక్షించడానికి బెంగళూరు ఊరే ఒక కొలబద్ద. కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూస్తే ఇక్కడ సుమారు 91 కిలోపాస్కల్ రావాలి, ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి. చిత్తూరు దిగేసరికి 97, చెన్నైలో 101. బెంగళూరులో నిలబడి 101 చూపిస్తే ఆ సెన్సర్ తప్పు చెబుతోందన్నమాట. ఈ ఒక్క పరీక్షకు ఖర్చు లేదు, ఎవరూ చేయరు.

కూలెంట్ వేడి అరగంట నడిపినా 70 డిగ్రీలు దాటకపోతే థర్మోస్టాట్ (కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకుని ఉండిపోయినట్టు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తుంది.

ఇవన్నీ దాటాకే ఆక్సిజన్ సెన్సర్ పరీక్ష. వేడి ఇంజిన్‌లో ఎక్సలేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కితే ముందు సెన్సర్ (పొగను శుభ్రంచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందుండేది) 0.8 వోల్టు దాటాలి. 3000 ఆర్‌పీఎం నుంచి వదిలేస్తే 0.1 కిందికి రావాలి. రెండూ వెంటనే జరిగితే సెన్సర్ బతికే ఉంది. కన్వర్టర్ తర్వాతుండే వెనక సెన్సర్ 0.6-0.7 దగ్గర నిలకడగా ఉండాలి. అదికూడా ముందుదానిలా ఊగుతుంటే క్యాటలిటిక్ కన్వర్టర్ అయిపోవచ్చింది. పీ0135 మాత్రం వేరే కథ, అది సెన్సర్ లోపలి హీటర్ సర్క్యూట్. ముందు ఫ్యూజు, తర్వాత కనెక్టర్లో 12 వోల్టు, ఆఖరున ఒకే రంగున్న రెండు వైర్ల మధ్య మల్టీమీటర్. కొన్ని ఓమ్‌లు చూపాలి. ఓపెన్ (తీగ తెగినట్టు) అని వస్తే సెన్సర్ మార్చక తప్పదు.

మార్చేటప్పుడు సెన్సర్ మీద చెక్కిన పార్ట్ నంబరుతోనే బెంగళూరులో స్పేర్ పార్టులు దొరికే జేసీ రోడ్డుకు వెళ్ళండి. 22 మిల్లీమీటర్ల గాడి ఉన్న సాకెట్ కావాలి, మామూలు స్పానర్ అంచులు అరగదీస్తుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు తిప్పాలి. యాంటీ సీజ్ పేస్టు మరలకే, మొనకు తగలకూడదు. వైర్లు కోసి అతికించాల్సి వస్తే సోల్డర్ చేయవద్దు. చాలా సెన్సర్లకు పోలిక కోసం కావాల్సిన బయటి గాలి ఆ వైర్ల గుండానే అందుతుంది, టంకం ఆ దారిని మూసేస్తుంది. క్రింప్ చేయండి, అంటే కనెక్టర్‌ను నొక్కి బిగించండి.

స్కానర్ లోపాలూ చెప్పాలి. కే-లైన్ (పాత రకం డేటా వైరు) మీద మాట్లాడే పాత బండ్లలో రీడింగ్‌లు నెమ్మదిగా వస్తాయి. సెన్సర్ గ్రాఫ్ చూసేటప్పుడు రెండు విలువలే ఎంచుకోకపోతే ఆ ఊపు నిజం కాదు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు చదవదు. పాత రకం బ్లూటూత్‌వి ఐఫోన్‌కు పనికిరావు. వారం రోజులు పోర్టులోనే వదిలేస్తే బలహీనమైన బ్యాటరీ కూర్చుంటుంది.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు మామూలయ్యాక ఈ బండిలో లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 2 నుంచి ప్లస్ 6కు చేరింది. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది, అదే గాలికి పెట్రోలు ఎక్కువ కావాలి. ఇది జబ్బు కాదు. అయితే చిన్న లీకుతో ఇదివరకు ప్లస్ 15 దగ్గర గట్టున ఉన్న బండి ఇప్పుడు గీత దాటి చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది.

కోడ్ చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడిన క్షణంలో నమోదైన రీడింగ్‌లు) స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆర్‌పీఎం, కూలెంట్ వేడి, ట్రిమ్‌లు అందులో ఉంటాయి. చెరిపితే అవన్నీ పోతాయి. చాలా బండ్లలో నేర్చుకున్న ట్రిమ్ కూడా సున్నాకొస్తుంది, మళ్ళీ చూడాలంటే కొన్నిరోజులు నడపాల్సిందే.