చలికాలంలో కొండల్లో గూడ్సు బండ్లు: రాపూరా, దిగువమెట్టా?

చలి మొదలవగానే ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. "ఒక్క రోజే ఖాళీ ఉంది, కొండల్లో గూడ్సు బండ్లు చూడాలి, నెల్లూరు వైపు రాపూరు వెళ్లమంటారా, నల్లమలలో గిద్దలూరు దగ్గరి దిగువమెట్ట వెళ్లమంటారా?" అని. విడివిడిగా జవాబు ఇచ్చేకంటే ఒకచోట రాసిపెడితే నయం అనిపించింది. బాక్స్-ఎన్ అనే బొగ్గు వ్యాగన్ ఏదో, వ్యాగ్-9 అనే కరెంటు ఇంజిన్ ఏదో తెలిసినవాళ్లే ఇది అడుగుతారు కాబట్టి ఆ పాఠాల జోలికి పోను.

ముందు రాపూరు. ఓబులవారిపల్లె–కృష్ణపట్నం లైను వేసిందే పోర్టు సరుకు కోసం. పోర్టులో దిగిన బొగ్గు పడమటికి పోవాలి, మధ్యలో వెలికొండలు అడ్డం. అందుకని రాపూరుకూ చెర్లోపల్లికీ మధ్య కొండను తొలిచి 6.6 కిలోమీటర్ల సొరంగం వేశారు. 2019 సెప్టెంబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి, మన నెల్లూరాయనే, వెంకయ్య నాయుడు దాన్ని ప్రారంభించారు. ఈ లైన్లో ప్యాసింజర్ బండ్లు తక్కువ, వచ్చేవాటిలో ఎక్కువ గూడ్సే. ఇంకో సుగుణం వెలుతురు. వెలికొండల తూర్పు ముఖం మనవైపు ఉంటుంది కాబట్టి పొద్దున్నే ఎండ సూటిగా కొండ మీద పడుతుంది. 58 వ్యాగన్ల రేకు, అంటే ఒకే బండిగా కలిపిన వ్యాగన్ల వరుస, ఇంజిన్లూ చివరి గార్డు పెట్టె బ్రేక్‌వ్యానూ కలిపి 650 మీటర్ల దాకా ఉంటుంది. మైదానంలో కాస్త దూరంగా నిలబడితే అదంతా వెనక కొండతో సహా ఒకే ఫొటోలో పడుతుంది. ఫొటోల కోసమే వెళ్లేవాళ్లు ఇక్కడికే వెళ్లండి, రెండో ఆలోచన అక్కర్లేదు.

నా లెక్కలో మాత్రం తేల్చేది ఫొటో కాదు. కొండ ఎక్కే బండి మనతో ఎంతసేపు ఉంటుందన్నదే అసలు సంగతి. రాపూరు దగ్గర నాకు లోటుగా అనిపించేది ఇక్కడే. ఆ సొరంగం పొడవులో ఇందాక చెప్పిన రేకులు పది ఒకదాని వెనక ఒకటి పడతాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయినా ఇంజిన్ లోపలికి దూరిన దగ్గర్నుంచి బ్రేక్‌వ్యాన్ అవతల తేలేదాకా ఏడు నిమిషాల పైనే పడుతుంది. సొరంగం వేసేదే బండికి ఎక్కుడు తగ్గించడానికి. రైల్వేకు అది గొప్ప మేలు, అందులో సందేహం లేదు, కానీ చూడ్డానికి వెళ్లిన మనకు బండి కొండను దాటే ఆ కొద్దిసేపే కనపడకుండా, వినపడకుండా పోతుంది.

దిగువమెట్ట వైపు అలా కాదు. నల్లమల మీదుగా లైను వేసింది 1880లలో, మీటర్ గేజీగా. లోయ ఎటు తిరిగితే లైనూ అటే తిరిగింది. బొగద అనే చోట దొరబావి వాగు మీద ఎత్తయిన ఇనుప వంతెన కట్టారు. 1990లలో బ్రాడ్ గేజీ చేసినప్పుడు దారి కొంత మార్చారు, పాత వంతెన పక్కన పడిపోయింది, కానీ వంపులూ ఎక్కుడూ పూర్తిగా పోలేదు. బొగద దగ్గర ఇక్కడా సొరంగం ఉంది గానీ రాపూరు దానితో పోలిస్తే చాలా చిన్నది.

ఇక చప్పుడు సంగతి. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. చలికాలం తెల్లవారుజామున నేలను ఆనుకున్న గాలి చల్లగా, దాని పైన గాలి కాస్త వెచ్చగా ఉంటుంది. అలాంటప్పుడు శబ్దం ఆకాశంలోకి పోకుండా మళ్లీ కిందికి వంగి నేలబారున చాలా దూరం పోతుంది. మే నెల మధ్యాహ్నం దీనికి పూర్తిగా తలకిందులు, అందుకే ఎండాకాలంలో దగ్గరికొచ్చేదాకా బండి జాడ తెలియదు. దిగువమెట్ట ప్లాట్‌ఫారం మీద డిసెంబరు పొద్దున నిలబడితే బండి కనపడటానికి చాలా ముందే దాని మోత చెవిన పడుతుంది, వంపు తిరిగినప్పుడు సన్నబడుతుంది, మళ్లీ పెరుగుతుంది, కొండకు తగిలి రెండో వైపు నుంచి కూడా వస్తుంది. కరెంటు ఇంజిన్లు వచ్చాక ఇంకేం మోత అంటారు కొందరు. డీజిల్ గర్జన పోయిన మాట నిజమే. కానీ వ్యాగ్-7 కరెంటు ఇంజిన్‌ను చల్లబరిచే బ్లోయర్ల హోరు, మోటార్ల గుర్రుమనే చప్పుడు, వంపుల్లో పట్టాను ఒరుసుకునే చక్రాల కీచు, ఇవన్నీ డీజిల్ మోతలో మునిగిపోయేవి. ఇప్పుడు దేనికది విడిగా వినపడుతోంది.

ఎక్స్‌ప్రెస్‌కు దారివ్వడానికి గూడ్సును స్టేషన్లో పక్క లైన్లో, అంటే లూపులో పెట్టారంటే మీ అదృష్టం బాగున్నట్టే, అది మళ్లీ కదిలేదాకా అక్కడే ఉండండి. సిగ్నలు పడ్డాక బ్రేకులు వదులుతున్న బుస్సుమనే చప్పుడు ముందు నుంచి వెనక్కి పాకుతుంది. తర్వాత కప్లింగులు ఒక్కొక్కటే బిగుసుకుంటూ ఆ టకటక చివరి వ్యాగన్ దాకా పోతుంది. నిండు బాక్స్-ఎన్ ఒక్కోటి 81 టన్నులు, అలాంటివి 58 అంటే 4,700 టన్నుల దాకా బరువు, దాన్నంతా నిలబడ్డ చోటు నుంచి కదిలించాలి. పైగా రాత్రి కురిసిన మంచుతో పట్టాలు తడిగా ఉంటాయి, చక్రం జారుతుంది, అప్పుడు ఇంజిన్ చక్రాల ముందు ఇసుక వదులుతారు. చక్రం జారి, మోటారు గొంతు ఒక్కసారి పైకి లేచి, మళ్లీ పట్టు దొరికి కిందికి దిగే ఆ క్షణం కోసమే నేను చలిలో నిలబడతాను. దిగువమెట్ట మీదుగా పోయే గుంటూరు–గుంతకల్లు లైనుకు 401 కిలోమీటర్ల డబ్లింగ్ విడతలుగా జరుగుతూ వస్తోంది, రెండో లైను పడేకొద్దీ ఇలా ఆగి కదలడం తగ్గుతుంది, కాబట్టి వెళ్లాలనుకునేవాళ్లు వాయిదా వేయకండి.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను. దిగువమెట్ట, చలమ స్టేషన్లు దాటి అడవిలోకి నడవొద్దు. అది పులులున్న అడవి, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యానికి ఆనుకుని ఉంటుంది. 2024లో అదే అడవిలో పచ్చర్ల దగ్గర చిరుత ఒక మహిళను చంపేసింది. పట్టాల వెంట నడిచినా రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల జైలో, వెయ్యి రూపాయల జరిమానానో, రెండూనో పడొచ్చు. టికెట్ కొనుక్కుని ప్లాట్‌ఫారం మీద ఉండండి. నేను చెప్పినవన్నీ అక్కడ నిలబడే వినొచ్చు.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా చూసుకోవాలి. నెల్లూరుకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను ఎంత పని చేసిందో గుర్తుంది కదా. అందుకని రాపూరు సంక్రాంతి తర్వాత పెట్టుకోండి, ఆకాశం తేటగా ఉంటుంది. దిగువమెట్ట డిసెంబరులోనే బాగుంటుంది, అడవి ఇంకా పచ్చగా, పొద్దున చలి గట్టిగా ఉంటుంది. ఫిబ్రవరికి ఆకు రాలి లైను ఎక్కువ దూరం కనపడుతుంది గానీ తెల్లవారుజాము చలిలో ఆ పదును ఉండదు.

చెన్నై–విజయవాడ మెయిన్ లైను మీది బిట్రగుంట గురించీ అడుగుతుంటారు. బండ్లకు కొదవ లేదు, కొండ లేదు. అరకు లైను గొప్పదే, బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసింది, 58 సొరంగాలు, 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను, కానీ మన దగ్గర్నుంచి ఒక్క రోజులో అయ్యే పని కాదు.

నెల్లూరు నుంచి పిల్లలతోనో పెద్దవాళ్లతోనో బయల్దేరి చీకటి పడేసరికి ఇల్లు చేరాలంటే రాపూరే సుఖం. పొదలకూరు మీదుగా బస్సులుంటాయి, మధ్యాహ్నం పెంచలకోన దర్శనం కూడా చేసుకోవచ్చు. ఒంటరిగానో, ఇదే పిచ్చి ఉన్న స్నేహితుడితోనో అయితే ముందురోజు సాయంత్రానికే గిద్దలూరు చేరి పడుకోండి. డిసెంబరులో ఆరున్నర ప్రాంతంలో తెల్లారుతుంది, ఐదున్నరకల్లా దిగువమెట్టలో ఉండేలా ఆటో రాత్రే మాట్లాడుకోండి, మఫ్లర్ మాత్రం చెవుల మీదికి లాక్కోకండి.