నాలుగేళ్ళ నుంచి ఒకే హెడ్డు, మేస్త్రి చేసిన క్యాబు: ఓమ్స్ సంగతి

ఈ గిటార్ యాంప్ జత, అంటే సౌండ్ పెంచే హెడ్డు, స్పీకర్లుండే పెట్టె క్యాబు, తీసుకొని నాలుగేళ్ళు దాటింది. హెడ్డు మార్షల్ డీఎస్ఎల్20హెచ్ఆర్, 20 వాట్లు, పవర్ ట్యూబులు (సౌండ్ పెంచే గాజు వాల్వులు) రెండు ఈఎల్34లు. క్యాబు మాత్రం కంపెనీది కాదు, నెల్లూర్లో మా వీధి చివర వడ్రంగి మేస్త్రి దగ్గర 18 ఎంఎం ప్లైవుడ్డుతో చేయించా, లోపల సెలెషన్ కంపెనీ వింటేజ్ 30 స్పీకర్లు రెండు. ఆదివారాలు చర్చిలో వాయిస్తా, డిసెంబర్ వస్తే కావలి, కందుకూరు, ఒంగోలు అని క్రిస్మస్ ప్రోగ్రాములు, ఆటోలో ఎక్కించడం దించడం, ఉప్పుగాలి, జనరేటర్ కరెంటు, అన్నీ తిన్నదిది. టోన్ గురించి నేనేం చెప్పను, అది ఎవరి చెవి వాళ్ళది.

అందరూ ముందు వాట్లే అడుగుతారు. వింటేజ్ 30 ఒక్కోటి 60 వాట్లు, రెండు కలిపి 120, నా హెడ్డు 20, ఎంత తిప్పినా స్పీకర్ కాలదు. 25 వాట్ల గ్రీన్‌బ్యాక్ స్పీకర్ ఒక్కటే పెట్టుకున్నోళ్ళు మాత్రం కాస్త చూసుకోవాలి, ఎందుకంటే ట్యూబ్ హెడ్డు ఫుల్లుగా తిప్పితే రాసున్న వాట్ల కన్నా ఎక్కువే తోస్తుంది. సౌండ్ కావాలంటే వాట్ల కంటే స్పీకర్ సెన్సిటివిటీ చూడండి, అంటే ఒక వాటుకి ఎంత సౌండిస్తదో డెసిబెల్స్ (డీబీ) లెక్క, వింటేజ్ 30ది 100 డీబీ, అదే జీ12టీ-75 అనే ఇంకో స్పీకర్‌ది 97, ఆ మూడు డీబీలంటే హెడ్డు వాట్లు రెట్టింపు చేసినంత లెక్క. మా చర్చి హాలుకి 20 వాట్లే ఎక్కువ, పాస్టర్ గారి చెయ్యి కిందకి దించమని ఊగుతానే ఉంటది.

అసలు గొడవంతా ఓమ్స్ దగ్గరే, అంటే స్పీకర్ కరెంటుని ఎంత అడ్డుకుంటదో ఆ లెక్క. నావి ఒక్కోటి 16 ఓమ్స్ స్పీకర్లు, పారలల్‌లో కలిపితే 8, అందుకని హెడ్డు వెనక 8 అని రాసున్న జాక్‌లోనే పెడతా. 16 జాక్‌లో 8 క్యాబు పెట్టొచ్చా, 8లో 16 పెట్టొచ్చా అని రెండువైపులా వాదించే మహానుభావులున్నారు, నాకెందుకా తలనొప్పి, నంబరుకి నంబరు కలిపేస్తా అంతే.

దెబ్బ తిన్నది మాత్రం ఓమ్స్ వల్ల కాదు, వైరు వల్ల. రెండో ఏడు కందుకూరు ప్రోగ్రాంలో నా స్పీకర్ వైరు ఇంట్లో మర్చిపోయా. మైక్ సెట్ కుర్రోడు గిటార్ కేబులు ఒకటి తెచ్చి, "అన్నా, పిన్ను రెండిటికీ ఒకటే గదా" అన్నాడు. నిజమే, పిన్ను ఒకటే, కానీ లోపల వెంట్రుకంత తీగ, చుట్టూ జాలీ, అది గిటార్ సిగ్నలుకి గానీ స్పీకర్‌కి పోయే కరెంటుకి కాదు. తెలిసీ పెట్టా, తప్పు నాదే. మూడో పాటకి ఆ తీగ పోయి సౌండ్ ఆగింది, నేనేమో వాల్యూమ్ తగ్గిందనుకొని ఇంకా తిప్పా. అదీ నేను చేసిన అసలు ఘనకార్యం. ట్యూబ్ హెడ్డుకి స్పీకర్ లేకుండా సిగ్నల్ పంపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఓల్టేజి ఎగదన్ని ట్యూబ్ సాకెట్ దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి, ఇన్సులేషన్ కూడా పోవచ్చు. నా అదృష్టం కొద్దీ ఫ్యూజూ ఒక ట్యూబూ పోయి ట్రాన్స్‌ఫార్మర్ బతికింది. ఈడ ట్యూబులు ముట్టుకునేవాళ్ళు నాకు దొరకలా, మద్రాసు తీసుకుపోయి జత ట్యూబులు వేయించి బయాస్, అంటే ట్యూబుల్లో పారే కరెంటు, సెట్ చేయించుకొచ్చా. అప్పట్నుంచి 1.5 ఎస్‌క్యూ ఎంఎం రెండు పోగుల వైరుతో నేనే చేసుకున్న కేబుళ్ళు రెండు, ఎర్ర టేపు చుట్టి, హెడ్డు సంచిలోనే పడుంటాయి.

ఇంకోటి, ఎదుటోళ్ళ క్యాబు మీద లేబుల్ నమ్మొద్దు. ఒంగోల్లో ఒకతను ఇచ్చిన క్యాబు మీద 8 ఓమ్స్ అనుంది, మల్టీమీటరు పెడితే 3.2 చూపించింది. మీటర్లో ఎప్పుడూ అసలు కంటే కాస్త తక్కువే వస్తది, 8ది ఆరు, ఆరున్నర, 16ది పన్నెండు పదమూడు, అంటే ఇది 4 ఓమ్స్‌ది. లోపల ఎవరో స్పీకర్లు మార్చి లేబుల్ అట్టనే వదిలేశారు. రెండొందల మీటరు నా హెడ్డుని కాపాడింది.

కావలిలో మా ఫ్రెండుది ట్యూబుల్లేని ట్రాన్సిస్టర్ హెడ్డు, దాని లెక్క వేరు. కనీసం 8 ఓమ్స్ అని రాసుంటే 16 పెట్టినా ఏం కాదు, సౌండ్ తగ్గుద్ది అంతే, కానీ 4 పెడితే వేడెక్కుద్ది. వాడు 8 క్యాబుకి ఇంకో 8 తగిలించాడు, ఇంకేముంది 4 అయింది, ప్రోగ్రాం మధ్యలో రెండుసార్లు ఆగింది, వాడు కరెంటోళ్ళని తిట్టుకుంటా కూర్చున్నాడు.

నాలుగేళ్ళలో నాకు మిగిలిన బాధ ఒకటే. 16 ఓమ్స్ స్పీకర్లు కొని పారలల్ చేసే బదులు, 8 ఓమ్స్‌వి కొని సిరీస్ చేసుంటే క్యాబు 16 అయ్యేది, అప్పుడు అట్టాంటిదే ఇంకోటి చేయించి రెండూ కలిపి 8 జాక్‌కి వాడుకునేవాణ్ణి. ఇప్పుడు ఇంకో 8 క్యాబు కలిపితే 4, దానికి నా హెడ్డులో జాక్ లేదు. మేస్త్రితో ఈ మాటంటే, "మధ్యకి కోసేద్దాం పా అబ్బయా, రెండు పెట్టెలవుతాయి" అని నవ్వాడు. ఆయనకి ఓమ్స్ అంటే ఏందో తెలవదు, కానీ ఒక్కో పెట్టెలో ఒక్కో 16 ఓమ్స్ స్పీకరు, స్టేజీకి ఆ పక్కొకటి ఈ పక్కొకటి, రెండూ కలిస్తే మళ్ళీ 8యే. రంపం ఎప్పుడు తెమ్మంటావని మొన్న కూడా అడిగాడు.