నిసెకో మంచు, నొజావా పల్లె

జపాన్‌లో స్కీయింగ్ చేయాలనుకొనే విజయవాడ, గుంటూరు వాసులు పేరు మోసిన నిసెకో కంటే నొజావా ఆన్సెన్ అనే పల్లెకు ముందుగా వెళ్ళడం మేలని నా అభిప్రాయం. ఉత్తరాఖండ్‌లోని ఔలీలో స్కీయింగ్ ప్రాథమిక శిక్షణ పొందిన నేనూ, గుంటూరుకు చెందిన నా మిత్రుడూ హొక్కైడో దీవిలోని నిసెకోను, ఆపైన నాగానో ప్రాంతంలోని హకుబాను, నొజావాను వరుసగా చూసి వచ్చాము. ఆ అనుభవం మీదనే ఈ సమీక్ష రాస్తున్నాను.

మూడు చోట్లా మంచుకు కొదవ లేదు. సైబీరియా నుంచి వీచే అతిశీతల గాలి జపాన్ సముద్రాన్ని దాటుతూ తేమను నింపుకొని, ఆవలి ఒడ్డున ఉన్న కొండలను ఎక్కేటప్పుడు దానినంతా మంచుగా కురిపిస్తుంది. అందువల్ల అక్కడి కొండలు పెద్ద ఎత్తు లేకపోయినా మంచు మాత్రం మీటర్ల లెక్కన పేరుకొంటుంది. నిసెకో అన్నుపురి శిఖరం ఎత్తు 1,308 మీటర్లే కాగా, మన గుల్మార్గ్‌లో గొండోలా (కేబుల్ కారు) ఎక్కే చోటే సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రమట్టానికి కాస్త పైన ఉన్న కృష్ణా తీరం నుంచి వెళ్ళేవారికి పలుచని గాలి వల్ల కలిగే ఆయాసం, తలనొప్పి నిసెకోలో ఉండవు కనుక, మొదటి రోజు నుంచే వాలు మీదికి దిగవచ్చు.

నిసెకోలో హిరాఫు, హనజోనో, నిసెకో విలేజ్, అన్నుపురి అనే నాలుగు రిసార్టులు ఒకే కొండను పంచుకొంటాయి; నాలుగింటికీ కలిపి ఒకే పాసు దొరుకుతుంది. అక్కడి మంచు జల్లించిన బియ్యప్పిండిలా పొడిగా, తేలికగా ఉండి, పడినా దెబ్బ తెలియనివ్వదు. మబ్బు విడినప్పుడు ఎదురుగా 1,898 మీటర్ల యోతెయి పర్వతం నిండుగా కనిపిస్తుంది. రిసార్టు హద్దు దాటి వెళ్ళదలచినవారు నిర్ణీత ద్వారాల గుండానే వెళ్ళాలని, హద్దుగా కట్టిన తాడు కింద నుంచి దూరకూడదని నిబంధన ఉంది. మంచుచరియలు జారే ప్రమాదం ఉన్న రోజున ఆ ద్వారాలను మూసివేస్తారు. ఈ క్రమశిక్షణ నాకెంతో నచ్చింది. అయితే హిరాఫు వీధులలో ఎటు చూసినా ఆస్ట్రేలియా తదితర దేశాల నుంచి వచ్చినవారి కోసం కట్టిన వసతులు, వారికి తగిన ధరలే కనిపిస్తాయి. ఇంగ్లీషులో నేర్పే శిక్షకులు సులభంగా దొరకడం కొత్తవారికి లాభమే. కానీ జపాన్‌కు వెళ్ళి జపాన్‌ను చూడకుండా తిరిగి రావడం నాకు వెలితిగా తోచింది.

హకుబా గురించి క్లుప్తంగా చెబుతాను. 1998 శీతాకాల ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ పోటీలు జరిగిన హప్పో-ఒనె వాలు అక్కడే ఉంది. కొండలు గంభీరమైనవి, వాలులు పొడవైనవి. కానీ రిసార్టులు లోయ పొడవునా విడివిడిగా ఉండడం వల్ల బస్సుల కోసం ఎదురుచూడడానికే చాలా సమయం పోతుంది. స్కీల మీద మలుపులు తిరగడం బాగా వచ్చినవారికి తప్ప మొదటి ప్రయాణానికి దీనిని సూచించలేను.

నొజావా ఆన్సెన్ వీటికి పూర్తిగా భిన్నం. ఇది రిసార్టు కోసం వెలసిన ఊరు కాదు, వేడినీటి ఊటల చుట్టూ ఏనాడో ఏర్పడిన పల్లె. ఊరి నడుమ ఉన్న 13 స్నానశాలలను గ్రామస్థులే వంతుల వారీగా శుభ్రం చేస్తూ కాపాడుకొంటారు. బయటివారిని రుసుము లేకుండా రానిస్తారు, ద్వారం దగ్గర ఉన్న పెట్టెలో తోచినంత వేయడం మర్యాద. లోపల వస్త్రాలు ధరించకూడదు, తొట్టిలోకి దిగేముందు ఒళ్ళు కడుక్కోవాలి. ఈ మొదటి నియమం మనవారికి ఇబ్బందిగా అనిపించవచ్చు గానీ, స్త్రీలకు, పురుషులకు వేరు వేరు గదులు ఉన్నాయి, ఎవరూ ఎవరినీ పట్టించుకోరు. పగలంతా చలిలో బిగుసుకుపోయిన కాళ్ళకు ఆ నీరు ఇచ్చే ఉపశమనం ఎంత ఖరీదైన హోటలూ ఇవ్వలేదు. ఒగామా అనే ఊటలో నీరు సుమారు 90 డిగ్రీల వేడితో పొంగుతుంది. గ్రామస్థులు అందులో ఆకుకూరలు ఉడికించుకొంటారు, సందర్శకులు దూరం నుంచి మాత్రమే చూడాలి.

స్కీయింగ్ పరంగానూ ఈ ఊరు తక్కువది కాదు. గొండోలాలో ఎగువకు వెళితే ఉఎనోతైరా వద్ద విశాలమైన మెత్తని వాలులు ఉన్నాయి. సాధారణంగా కొత్తవారికి కొండ అడుగున మాత్రమే చోటు దొరుకుతుంది, ఇక్కడ పైభాగంలోని మంచి మంచు వారికీ అందుతుంది. పట్టు చిక్కినవారు 1,650 మీటర్ల కెనాషి శిఖరం దాకా వెళ్ళవచ్చు. జనవరి 15న జరిగే దోసోజిన్ అగ్ని ఉత్సవం నాటికి గదులు దొరకడం కష్టం కనుక, ఆ రోజులలో వెళ్ళేవారు చాలా ముందుగా ఏర్పాటు చేసుకోవాలి.

శాకాహారులకు ఈ మూడు చోట్లా కష్టమే. జపనీయుల చారులకు, నూడుల్స్ రసానికి మూలమైన దాషిని ఎక్కువగా ఎండబెట్టిన చేపతో కాస్తారు. మాంసం, చేప తినేవాళ్ళం కాదని ముందే తెలిపినప్పటికీ మేము బస చేసిన ఒక సత్రంలో చేప రసంతో చేసిన చారే వడ్డించారు; నా మిత్రుడు ఆ పూట ఒట్టి అన్నంతో సరిపెట్టుకొన్నాడు. వంటగది ఉన్న బస తీసుకోవడం ఉత్తమం.

దుస్తుల విషయానికొస్తే, బీసెంట్ రోడ్డులో కొన్న ఉన్ని స్వెట్టరు లోపలికి పనికివస్తుంది గానీ పైన నీరు చొరని కోటు, ప్యాంటు తప్పనిసరి. చెమటను పట్టి ఉంచే నూలు బనియన్లు వద్దు. స్కీలు, బూట్లతో పాటు పై దుస్తులు కూడా అక్కడే అద్దెకు దొరుకుతాయి. పెద్ద పెట్టెలను విమానాశ్రయంలోనే యమాతో సంస్థ సామాను సేవకు అప్పగిస్తే నేరుగా బసకు చేరుస్తారు. చేరడానికి కనీసం ఒక రోజు పడుతుందని గుర్తుంచుకొని, ఆ రాత్రికి కావలసినవి చేతిసంచిలో ఉంచుకోవాలి.

గన్నవరం నుంచి ఢిల్లీ మీదుగా టోక్యో చేరితే, అక్కడి నుంచి హొకురికు షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో ఈయామా స్టేషనుకు రెండు గంటలలోపే వెళ్ళవచ్చు, ఆపైన నొజావాకు బస్సులో అరగంటలోపు ప్రయాణం. మంచు బాగుండేది జనవరి, ఫిబ్రవరి నెలలలో. నొజావాలో ఇంగ్లీషులో నేర్పే శిక్షకులు నిసెకోలో ఉన్నంతమంది ఉండరు కాబట్టి, విమానం టిక్కెట్టు కొన్న వెంటనే శిక్షణకు కూడా పేరు నమోదు చేసుకోవాలి.