స్వాల్‌బార్డ్ రెయిన్‌డీర్‌లో పురుగుల లెక్క: పేడలోనా, పొట్టలోనా?

నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో రెయిన్‌డీర్ (ధ్రువప్రాంతపు జింక) పొట్టలోని నులిపురుగుల్ని అంచనా వేయడానికి రెండు దారులున్నాయి.

మొదటిది, పేడ సేకరించి మైక్రోస్కోపు కింద గుడ్లు లెక్కించడం. జంతువుకు హాని ఉండదు. గుర్తు వేసిన జంతువునైతే ఏళ్ల తరబడి పరీక్షించవచ్చు. ఖర్చూ తక్కువే.

రెండోది, వేటాడిన జంతువు నాలుగో పొట్టను (నెమరువేసే జంతువు కడుపులోని నాలుగో గదిని) కడిగి పురుగుల్నే లెక్కపెట్టడం. శ్రమ ఎక్కువ, ఒక్కో జంతువుకు ఒక్కసారే అవకాశం. కానీ మగ పురుగుల ఆకారాన్ని బట్టి జాతిని నిర్ధారించవచ్చు. అదే జంతువు వీపు కొవ్వును కొలవవచ్చు, కడుపుతో ఉందో లేదో చూడవచ్చు.

తేడా అసలు బయటపడేది కాలాల దగ్గర. ఇక్కడ ప్రధానంగా రెండు జాతుల పురుగులున్నాయి. ఆస్టర్‌టేజియా గ్రూనెరి గుడ్లు వేసవి పేడలో కనిపిస్తాయి. మార్షలేజియా మార్షలై గుడ్లు చలికాలంలో కనిపిస్తాయి. మంచు కప్పిన నేల మీద ఒక పరాన్నజీవి తన వంశాన్ని పెంచుకోవడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. చలికాలపు పేడ మాత్రమే చూస్తే ఆస్టర్‌టేజియా లేనట్టే అనిపిస్తుంది. పొట్టలో మాత్రం అది ఉంటుంది.

ఆ పొరపాటు చిన్నది కాదు. నులిపురుగుల మందు ఇచ్చి చేసిన ప్రయోగాల్లో, ఆస్టర్‌టేజియా ఎక్కువైతే ఆడ రెయిన్‌డీర్ పిల్లల్ని కనే అవకాశం తగ్గుతుందని తేలింది.

అందుకే మంద సంఖ్య ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తగ్గుతుంది అన్న ప్రశ్నకు నేను పొట్ట లెక్కనే నమ్ముతాను. దీర్ఘకాలపు పరిశీలనకు పేడ చాలు, రెండు కాలాల్లోనూ సేకరిస్తేనే.