నెల్లూరు పెళ్లికి వచ్చే పొరుగూరి చుట్టాలకు: ఎక్కడ తినాలి, ఏది చూడాలి

నెల్లూరులో పెళ్లి పెట్టుకున్నవారు పొరుగూళ్ల బంధువులకు శుభలేఖతో పాటు చూడదగిన స్థలాల పట్టికను కూడా ఫోనులో పంపడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. ఆ పట్టికల్లో ఉదయగిరి కోట నుండి పెంచలకోన వరకు అన్నీ ఉంటాయి గానీ, తెల్లవారుజామున ముహూర్తం, సాయంత్రం రిసెప్షన్ ఉన్న మనిషికి మధ్యలో మిగిలేది నాలుగైదు గంటలే అన్న సంగతి మాత్రం ఉండదు. ఉదయగిరి చూసి వద్దామని బయలుదేరినవారు రిసెప్షన్‌లో ఆఖరి బంతికి అందుతారు. అందువల్ల పెళ్లి పనుల సందున వీలయ్యేవాటిని మాత్రమే ఇక్కడ చెబుతున్నాను. ఇది నెల్లూరులో ఉంటూ ఏటా ఎవరో ఒకరి బంధువులను వెంటబెట్టుకుని తిరిగే మనిషి అభిప్రాయమే తప్ప పర్యాటక శాఖ కరపత్రం కాదు.

మొదటే ఒక మాట చెప్పాలి. నెల్లూరు చూడడానికి కన్నా తినడానికి మంచి ఊరు. అయితే ఇక్కడి అసలు రుచి కల్యాణ మండపంలో దొరకదు. ముహూర్తపు భోజనం శాకాహారమే. అందులోనూ క్యాటరింగ్ వారి పనీరు కూర, వెజ్ బిర్యానీ, రెండు రకాల హల్వా విజయవాడలో వడ్డించినా హైదరాబాద్‌లో వడ్డించినా ఒకేలా ఉంటాయి. పెళ్లి విస్తరిలో రానివేవో వాటిని వెతుక్కుని తినడమే చుట్టాలు చేయవలసిన పని.

ఉదయం టిఫిన్‌కు నెయ్యి కారం దోశె తినాలి. విడిదిలో ఇడ్లీ, పొంగలి సిద్ధంగా ఉంటాయి గనుక చాలామంది అక్కడే కానిచ్చేస్తారు. పెళ్లికి ముందు రోజైనా ఆ అలవాటు మానుకుంటే మంచిది. కారం దోశె పెద్ద హోటళ్లలో దొరికినా, దాని సొగసు పెనం ముందు నిలబడి చూసినప్పుడే తెలుస్తుంది. పిండి పలచగా తిప్పి, పైతడి ఆరీ ఆరకముందే ఎండుమిరపకాయలు, ఉల్లి, వెల్లుల్లి కలిపి నూరిన ఎర్ర కారాన్ని గరిటె వెనకవైపుతో అంచుల దాకా రాస్తారు. దాని మీద పప్పుల పొడి చల్లి, నెయ్యి చుట్టూ కాకుండా నడిమధ్యన పోస్తారు. ఆ నెయ్యి కారంలోకి ఇంకి, పొడి ముద్దగా మారి, అడుగు ఎర్రగా కరకరలాడే స్థితికి వచ్చాక మడతపెట్టి ఇస్తారు. కొబ్బరి చట్నీ పలచగా ఉండాలి. చిక్కటి చట్నీ ఈ దోశె కారాన్ని మింగేస్తుంది. కారం అలవాటు లేని పిల్లలకు ఉత్త నెయ్యి దోశె చెప్పండి, ఎందుకంటే 'కారం తక్కువ వేయండి' అంటే మా ఊరి దోశె మాస్టరుకు అర్థమయ్యే తక్కువ వేరు. ఇన్‌స్టాగ్రామ్ పుణ్యమా అని కొన్ని బండ్ల దగ్గర చీజ్ కారం దోశె, పనీరు కారం దోశె కూడా మొదలయ్యాయి. వాటి జోలికి పోనవసరం లేదు.

మధ్యాహ్నానికో రాత్రికో తినవలసింది చేపల పులుసు. నెల్లూరు పేరు చెప్పి రాష్ట్రమంతటా అమ్ముతున్న ఈ వంటకం పేరు మీద జరుగుతున్న మోసం కూడా తక్కువేమీ కాదు. జాతీయ రహదారి పక్కన ఒక పెద్ద రెస్టారెంట్‌లో మా చుట్టాలతో కలిసి తిన్న పులుసులో జీడిపప్పు ముద్ద, ఉల్లిపాయల గుజ్జు కలిపి చిక్కగా చేసి, వేయించిన ముక్కలను వడ్డించే ముందు అందులో వేశారు. బల్ల మీదికి మట్టి చట్టిలో వచ్చింది గనుక అది పులుసేనని నమ్మాలి కాబోలు. అసలు నెల్లూరు పులుసు చిక్కగా ఉండదు. చింతపండు పులుసు మరుగుతుండగా పచ్చి ముక్కలనే అందులో వేసి, మామిడికాయ కాలంలో తొక్కు తీయని మామిడి ముక్కలు జోడించి, సన్నటి మంట మీద ఉడకనిస్తారు. ముక్క పడిన తరువాత గరిటె పెట్టకూడదు. గిన్నెను గుడ్డతో పట్టుకుని గుండ్రంగా కదుపుతారు. దించిన వెంటనే తింటే పులుపూ కారమూ విడివిడిగా తగులుతాయి. రాత్రి చేసిన దానిని మర్నాడు తింటేనే ముక్కలోకి పులుసు దిగి, పైన నూనె ఎర్రగా తేలి, అన్నంలోకి జారుడుగా కలుస్తుంది. అందుకే హోటల్‌లో కూర్చోగానే అడగవలసిన మొదటి ప్రశ్న పులుసు ఎప్పుడు చేశారన్నది. 'ఇప్పుడే వేడివేడిగా చేశామండి' అని గర్వంగా చెప్పిన చోట వేపుడు తెప్పించుకుని, పులుసును ఇంకో చోటికి వాయిదా వేసుకోవచ్చు.

ఏ చేప అన్నది కాలాన్ని బట్టి ఉంటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవలతో సముద్రంలో వేట నిషేధం. వేసవి ముహూర్తాలలో చాలా వరకు సరిగ్గా ఆ రోజుల్లోనే పడతాయి. అప్పుడు వంజరం, చందువా తాజాగా దొరకడం కష్టం; ఉన్నది చాలావరకు ఐసులో పెట్టినదే. ఆ రెండు నెలలూ మంచినీటి చేప అయిన కొరమేను పులుసు అడగడం తెలివైన పని. పైగా పచ్చి మామిడికాయ దొరికేదీ అప్పుడే గనుక వేసవి పెళ్లికి వచ్చినవారికి నష్టమేమీ లేదు. బొమ్మిడాయిల పులుసు దొరికితే మాత్రం కాలం చూడకుండా తినవలసిందే. పాములా సన్నగా, పొడుగ్గా ఉండే ఈ చేపను చూసి కొత్తవారు వెనకాడతారు గానీ, మెత్తటి కండ, తేలిగ్గా ఊడివచ్చే నడిముల్లు దాని ప్రత్యేకత. జిల్లాలో చెరువుల రొయ్యకు కొదవ లేదు కాబట్టి రొయ్యల వేపుడు ఏడాది పొడుగునా బాగానే ఉంటుంది. చిన్న మెస్సుల్లో పులుసు మధ్యాహ్నం రెండున్నరకల్లా అడుగంటుతుంది. మండపంలో అక్షింతలు వేసి, ఫొటోల వరుసలో నిలబడి, ఆ తరువాత వెళదామనుకునేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

శాకాహారులకు ట్రంకు రోడ్డులోని కోమల విలాస్ పేరును ఊళ్లో పెద్దవారు ఇప్పటికీ ముందు చెబుతారు. అయితే పెళ్లి భోజనం చేసిన మనిషిని మళ్లీ పప్పు, కూర, పచ్చడి ఉన్న విస్తరి ముందు కూర్చోబెట్టడం వల్ల ప్రయోజనం తక్కువ. నా సలహా అయితే వారు టిఫిన్ మీదే దృష్టి పెట్టడం మేలు.

ఇంటికి తీసుకువెళ్లడానికి మలై కాజా ఉంది. తాపేశ్వరం మడత కాజాను ఊహించుకుని కొనేవారు పెట్టె తెరిచాక ఆశ్చర్యపోతారు. ఇది కరకరలాడదు, పాకం పీల్చుకుని మెత్తబడి, లోపల పాలకోవా రుచితో నోట్లో ఇట్టే విడిపోతుంది. పాల సరుకు ఉన్నది గనుక వేసవిలో దీనికి ఆయుష్షు తక్కువ. పెళ్లికి ముందు రోజే కొని లాడ్జి గదిలో పెట్టుకునే బదులు, బయలుదేరే రోజు కొని, పాకం ఒలకకుండా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సర్దించుకోవాలి. అట్టపెట్టెలో ఇస్తే సూట్‌కేసులోని పట్టుచీరకు పాకం అంటుకునే ప్రమాదం ఉంది.

చూడవలసినవాటిలో మొదటిది పెన్నా ఒడ్డున రంగనాయకులపేటలోని తల్పగిరి రంగనాథస్వామి ఆలయం. ఊళ్లోనే ఉంది, గంటన్నరలో వెళ్లి రావచ్చు. దాదాపు 70 అడుగుల గాలిగోపురం, మీద ఏడు కలశాలు, లోపల శేషతల్పం మీద పవళించిన స్వామి, అద్దాల మండపం ఇవన్నీ ఉన్నా, నాకు మాత్రం దర్శనం అయ్యాక నది వైపు వెళ్లి నిలబడడమే ఎక్కువ ఇష్టం. మధ్యాహ్నం గుడి మూస్తారు గనుక ఉదయమో, సాయంత్రం నాలుగున్నర దాటాకో వెళ్లాలి. పెళ్లి రోజు సాయంత్రం రిసెప్షన్‌కు ముందు పట్టుచీరలతోనే వెళ్లి వచ్చేవారు చాలామంది కనిపిస్తారు.

కాస్త ఎక్కువ సమయం ఉన్నవారు జొన్నవాడ కామాక్షమ్మ గుడికి వెళ్లాలి. ఊరికి సుమారు 12 కిలోమీటర్లు. పెన్నకు ఆవలి ఒడ్డున, మల్లికార్జునస్వామి సన్నిధితో కలిసి ఉంటుంది. బ్రహ్మోత్సవాల ధ్వజారోహణం నాడు సంతానం కోరేవారికి ఇచ్చే కొడిముద్దల ప్రసాదం కోసం దూర ప్రాంతాల నుండి దంపతులు వస్తారు కాబట్టి, కొత్త జంటను వెంట తీసుకువెళ్లాలనుకునే పెద్దవారికి ఈ గుడి మీద మక్కువ ఎక్కువ. మామూలు రోజుల్లో ప్రశాంతంగా ఉంటుంది. శుక్రవారం మాత్రం రద్దీ ఎక్కువ.

మైపాడు బీచ్ గురించి నా అభిప్రాయం అంత గొప్పగా లేదు. ఊరికి దాదాపు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ తీరం తెల్లవారుజామున, పడవలు ఒడ్డుకు చేరే వేళ నిజంగా బాగుంటుంది. వలలు దులిపే చోట నిలబడితే నిన్నటి పులుసులో తిన్నది ఏ చేపో గుర్తుపట్టవచ్చు. ఆదివారం సాయంత్రం వెళితే మాత్రం జనం, బైకులు, ఇసుకలో ప్లాస్టిక్ కప్పులు తప్ప మరేమీ ఆనదు. అలలు లాగే తీరం గనుక పెళ్లికొచ్చిన కుర్రకారును ఈత పేరుతో లోపలికి వెళ్లనివ్వకూడదు. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. చెన్నై వైపు కారులో తిరిగి వెళ్లేవారు, అదీ అక్టోబరు నుండి మార్చి మధ్య అయితే, నాయుడుపేట దాటాక దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రంలో ఆగితే ప్రయాణం వృథా కాదు. నీటిలో మునిగిన చెట్ల కొమ్మల మీద గూడబాతులు పిల్లలను పెంచుతూ కనిపిస్తాయి. ఉదయగిరి, పెంచలకోన ఒక పూర్తి రోజు చేతిలో ఉన్నవారికే.

రాకపోకల విషయానికి వస్తే, సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ 2023 నుండి నెల్లూరులో ఆగుతున్నది. విమానంలో వచ్చేవారు రేణిగుంటలోనో చెన్నైలోనో దిగి రోడ్డు పట్టాలి. ఊళ్లో ఆటోకు మీటరు ఉండదు కాబట్టి ఎక్కేముందే బేరం తేల్చుకోవాలి. అంతకన్నా ముఖ్యమైనది లాడ్జి ఎంపిక. రైలు పట్టాలు ఊరిని రెండుగా చీలుస్తాయి. ఒకవైపు నుండి మరోవైపుకు చాలాచోట్ల అండర్ బ్రిడ్జీల కిందుగానే పోవాలి. కార్తీక మాసపు వానకు వాటిలో నీళ్లు నిలిచాయంటే పది నిమిషాల దారి ముప్పావుగంట అవుతుంది. మండపం పట్టాలకు ఏ వైపున ఉందో కనుక్కుని అదే వైపున గది తీసుకుంటే ముహూర్తం తప్పదు. స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో పెళ్లివారికి ఇచ్చిన గదుల్లో ఉదయం నాలుగింటికి వేడినీళ్లు రావని ఆ వేళకే తెలిసింది. అడ్వాన్స్ ఇచ్చేముందు గీజరు ఎన్నింటికి వేస్తారని అడగడం తప్పనిసరి. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ జరుగుతుంది. అప్పుడు లక్షల్లో జనం వస్తారు. గది దొరకడం గగనం. ఆ పండుగ ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది కనుక, ముహూర్తం పెట్టేటప్పుడు పంచాంగంతో పాటు ఆ తేదీలు కూడా చూసుకోవలసిన బాధ్యత పెళ్లివారిది.

చీరల కోసం అడిగేవారికి వెంకటగిరి జరీ చీరలు నెల్లూరు దుకాణాల్లోనే దొరుకుతాయి. నేత పల్చన, మెత్తదనం ఎక్కువ, జాందానీ బుటాలు, అంటే నేతలోనే దించిన పూలు, ఉన్నదాని ధర ఎక్కువ. మరమగ్గం సరుకును ఆ పేరుతో అంటగట్టేవారు ఉన్నారు; చీరను తిరగేసి బుటాల వెనక దారం తీరు చూడడం తెలిసిన పెద్దావిడను వెంట తీసుకువెళ్లడం మంచిది.

కారులో విజయవాడ వైపు తిరిగి వెళ్లేవారికి చివరగా ఒక సూచన. మలై కాజా అప్పటికే కొని ఉన్నా సరే, ఒంగోలులో హైవే దిగి ఊళ్లోకి వెళ్లి అల్లూరయ్య మైసూరుపాకు ఒక కిలో కట్టించుకోండి. నెల్లూరు మనిషిని అయినా, వారం రోజులు నిలవ ఉండే మిఠాయి కావాలంటే నేను దానికే ఓటు వేస్తాను.